చీర కొనేముందు, కట్టాక, దాచేటప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే చుట్టాల నుంచి, ఆఫీసులో తోటివాళ్ళ నుంచి నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. ఇది అసలు పట్టేనా, పోచంపల్లి వెళ్తే చవకా, ఈ జరీ నల్లబడుతుందా అని. అందరికీ పనికొస్తాయని వాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేత చీరల మీద నాకు ప్రేమ ఎక్కువ. జవాబుల్లో అది కనిపిస్తుంది.

చీర కొలతలు ఎంత ఉండాలి?

మామూలు చీర ఐదున్నర మీటర్లు. జాకెట్టు ముక్క కూడా కలిసి ఉంటే ఆరు మీటర్లు దాటుతుంది. వెడల్పు 45 నుంచి 48 అంగుళాలు. గోచీ పోసి కట్టే తొమ్మిది గజాల చీర ఎనిమిది మీటర్ల పైనే ఉంటుంది. చవక చీరల్లో ఐదు మీటర్లకే ఆపేసినవి కూడా అమ్ముతుంటారు, వాటికి కుచ్చిళ్ళు సరిగ్గా రావు. అనుమానం వస్తే షాపులోనే కొలిపించుకోండి, అందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

ఇప్పటిదాకా చీర పెద్దగా కట్టలేదు. మొదటి నేత చీరగా ఏది కొనాలి?

పట్టు వద్దు. నూలు చీర కొనండి. మంగళగిరి గానీ, నారాయణపేట గానీ తీసుకోండి. నూలు ఒంటి మీద జారదు, కుచ్చిళ్ళు పెట్టిన చోటే నిలబడతాయి, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. మొదటి చీరే ఖరీదైన పట్టు అయితే ఏమవుతుందంటే, పాడవుతుందన్న టెన్షన్‌తో బీరువాలో పెట్టేస్తారు, ఏడాదికి ఒక్కసారి కూడా బయటికి తీయరు. నాలుగైదు సార్లు ఆఫీసుకి నూలు చీర కట్టుకెళ్ళాక మీకే అలవాటు కుదురుతుంది. ఆ తర్వాత నూలూ పట్టూ కలిపి నేసే గద్వాల సీకో, ఆ తర్వాత పట్టు.

పోచంపల్లి చీరకి అంత ధర ఎందుకు?

ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గా చెప్పాలి, ఎందుకంటే అందులో ఉన్న పని చీర మీద కనిపించదు.

చాలా చీరల్లో డిజైను నేసేటప్పుడు వస్తుంది, లేదా నేశాక అద్దుతారు. పోచంపల్లిలో నేతకు ముందే, దారం మీదే డిజైను మొత్తం వేసేస్తారు. దారాన్ని మేకులు కొట్టిన అర్ధచంద్రాకారపు చట్రం మీద వరసగా పోస్తారు. దీన్ని ఆసు పోయడం అంటారు. తర్వాత డిజైను గుర్తులు పెట్టుకుని, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కట్లు విప్పుతారు. ఇంకో రంగు కావాలంటే మళ్ళీ కట్టాలి, మళ్ళీ ముంచాలి. ఇదంతా అయ్యాక ఆ దారం మగ్గం ఎక్కుతుంది. నేసేటప్పుడు ప్రతి పోగు తన చోట సరిగ్గా పడితేనే పువ్వు పువ్వులా, ఏనుగు ఏనుగులా కనిపిస్తుంది. ఇలా దారాన్ని ముందే కట్టి, రంగు వేసి నేసే పద్ధతినే ఇక్కత్ అంటారు. పడుగులో (నిలువు దారాల్లో) మాత్రమే రంగులు కట్టినవి, పేకలో (అడ్డ దారాల్లో) మాత్రమే కట్టినవి ఒక రకం. పడుగు, పేక రెండూ కట్టి, రెండింటి డిజైనూ ఒకదాని మీద ఒకటి కూర్చునేలా నేసేది డబుల్ ఇక్కత్. అందుకే దాని ధర వేరు.

ఈ ఆసు పోయడం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళ పని. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు ముందుకీ వెనక్కీ ఆడాలి. భుజం నొప్పులతో ఆ పని మానేసిన తల్లులు ప్రతి నేత ఊళ్ళో ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి లక్ష్మి గారు పడే బాధ చూడలేక, పెద్ద చదువు లేకపోయినా ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి చీర చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ తల్లి భుజమే.

పేరు పోచంపల్లిదే అయినా ఈ నేత ఆ ఒక్క ఊరిది కాదు. పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి చుట్టుపక్కల ఊళ్ళలో కూడా నేస్తారు. పుట్టపాక తేలియా రుమాలు చూడకపోతే తప్పకుండా చూడండి. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిదలో నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో నేస్తారు. ఒకప్పుడు అరబ్బు దేశాలకి ఎగుమతి అయ్యేది. దానికి 2020లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ ఊరి గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక చిన్న నేత ఊరికి రెండు పద్మశ్రీలు!

అసలు పోచంపల్లిని, ప్రింటుని ఎలా గుర్తుపట్టాలి?

ముందు చీర తిరగేయండి. ఇక్కత్‌లో దారానికే రంగు ఎక్కింది కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. ప్రింటు అయితే వెనక వైపు రంగు వెలిసినట్టు, పలచగా ఉంటుంది.

తర్వాత డిజైను అంచుల్ని దగ్గరగా చూడండి. చేత్తో కట్టి రంగు వేసిన దారం మగ్గం మీద కొద్దిగా అటూ ఇటూ జరుగుతుంది. అందుకని గీతల చివరలు మెత్తగా, కాస్త చెదిరినట్టు ఉంటాయి. గీత కత్తితో కోసినట్టు ఉంటే అనుమానించాల్సిందే. కొత్తగా కొనేవాళ్ళు సరిగ్గా ఉన్నదే మంచిదనుకుని ప్రింటునే ఎంచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మూడోది, చీర రెండు అంచుల చివర సన్నటి సూది రంధ్రాలు వెతకండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకుపోకుండా మేకులున్న బద్దతో వెడల్పుగా లాగి పట్టి ఉంచుతారు. ఆ గుర్తులే అవి. ఇది పోచంపల్లికే కాదు, చాలా చేనేత చీరలకు పనికొచ్చే పరీక్ష. ఇదొక్కటే రుజువు అనుకోకండి, మిగతా వాటితో కలిపి చూడండి.

వెయ్యీ రెండు వేలకి పట్టు పోచంపల్లి ఇస్తామని ఎవరైనా అంటే ఈ పరీక్షలేవీ అక్కర్లేదు.

పోచంపల్లి వెళ్ళి కొంటే మంచిదా?

ఒక్కసారైనా వెళ్ళండి. ఎల్బీ నగర్ దాటి విజయవాడ హైవే మీదుగా వెళ్ళొచ్చు, సిటీ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు దానం ఇస్తానని వినోబా భావే ముందు చెప్పిన ఊరు అది. భూదాన్ పోచంపల్లి అన్న పేరు అలా వచ్చిందే. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది.

ధర మాత్రం సగానికి సగం తగ్గుతుందని ఆశపడి వెళ్ళకండి. సిటీ కన్నా కొంత తక్కువే, కానీ అసలు లాభం వేరే ఉంది. మగ్గం దగ్గర నిలబడి ఒక్క అరగంట చూస్తే, తర్వాత ఏ షాపులో ఏ చీర పట్టుకున్నా మీ వేళ్ళకి తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి, ఆ ఊళ్ళోనూ ప్రింటు చీరలు అమ్ముతారు. ఊరి పేరు చూసి కళ్ళు మూసుకుని కొనొద్దు.

గద్వాల చీరలో ప్రత్యేకత ఏంటి?

ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేరే వేరే దారాల్ని మగ్గం మీదే ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. ఈ పద్ధతిని కుప్పడం అంటారు. అంచు మీద గుడి గోపురాల్లాంటి వరసను కోటకొమ్మ అంటారు. నూలూ పట్టూ కలిపి ఒంటిని నేసినది సీకో, మొత్తం పట్టుతో నేసినది గద్వాల పట్టు. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాలప్పుడు గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. గద్వాల సంస్థానం నుంచి వస్తున్న ఆనవాయితీ అది.

మన ఎండలకి ఇంతకన్నా మంచి పెళ్ళి చీర లేదని నా అభిప్రాయం. మే నెలలో, ఫంక్షన్ హాల్లో, నాలుగు గంటలు నిలబడాల్సిన పెళ్ళికూతురు పిన్నికో మేనత్తకో కంచి పట్టు కన్నా గద్వాల హాయి. చూపుకి పట్టుచీరే, ఒంటికి నూలు చీర.

ఒక జాగ్రత్త ఉంది. నీళ్ళు తగిలితే నూలు కుంచించుకుంటుంది, పట్టు అంతగా కుంచించుకోదు. ఇంట్లో బకెట్లో నానబెడితే అంచు దగ్గర ముడతలు పడి మళ్ళీ సరికాదు. డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి.

నారాయణపేట, సిద్దిపేట చీరల గురించి ఎవరూ పెద్దగా చెప్పరెందుకు?

చెప్పాలి! నారాయణపేట చీరలో చిన్న గళ్ళు, ముదురు రంగులు, అంచున గుడి గోపురం వరస ఉంటాయి. ఒకే పడుగు మీద ఎనిమిది చీరలు వరసగా నేసే పద్ధతి అక్కడ ఉంది. అందుకే ధర అందుబాటులో ఉంటుంది. మహారాష్ట్ర, కర్ణాటక పక్కనే కాబట్టి ఆ వైపు వాళ్ళకీ ఇది ఇష్టమైన చీర. సిద్దిపేట గొల్లభామ చీరలో నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మల్ని మగ్గం మీద చేత్తోనే పోగులు కలుపుతూ నేస్తారు. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. దొరికితే వదలొద్దు.

ఆంధ్ర వైపు చీరల్లో ఏవి చూడాలి?

వెంకటగిరి ముందు. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత. అంత సన్నటి నూలు చీర మన దగ్గర ఇంకోటి లేదు. వేసవిలో కట్టుకుంటే ఒంటి మీద చీర ఉన్నట్టే అనిపించదు. ఉప్పాడ జాందానీలో బుటాల్ని, అంటే చిన్న చిన్న బొమ్మల్ని, ఒక్కొక్కటిగా చేత్తో పెడతారు. వెనక్కి తిప్పితే వేలాడే దారాలు కనిపించవు. దారాలు వేలాడుతూనో, కత్తిరించినట్టో ఉంటే అది జాందానీ కాదని అక్కడే తేల్చేయండి. మంగళగిరిది గట్టి నేత, చిన్న జరీ అంచుని నిజాం బోర్డర్ అంటారు, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. ధర్మవరం పట్టు సంగతి కింద చెప్తాను.

పొందూరు ఖద్దరు గురించి ఒక మాట. శ్రీకాకుళం జిల్లాలో ఆ ఊళ్ళో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ ఎముక సన్నటి పళ్ళే వాళ్ళ దువ్వెన. అంత పనిచేసి చేత్తో వడికిన దారం అది. గాంధీజీ మెచ్చుకున్న నేత. చీర దొరికితే పెద్దవాళ్ళకి కానుకగా ఇవ్వండి, చాలా సంతోషిస్తారు.

పెళ్ళికి కంచి పట్టా, ధర్మవరమా?

పెద్దవాళ్ళు కంచి అంటారు. నిజమైన కంచిలో ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఇంకోటి ఉన్నప్పుడు ఆ రెండిటినీ విడి నాడెలతో నేస్తూ కలుపుతారు. కలిసిన చోట రంపపు పళ్ళలాంటి గీత ఉంటుంది, అది బలంగా ఉంటుంది. ఆ బరువు, ఆ నిండుదనం కావాలంటే కంచే తీసుకోండి. ధర్మవరం పట్టులో పెద్ద అంచులు, కొంగు నిండా జరీ ఉంటాయి, ధర కొంత నయం. పీటల మీద కట్టే మధుపర్కాలకు మాత్రం పట్టు పెట్టకండి. తెల్లటి నూలు, ఎర్రంచు, అంతే. ఆ కాస్త పసుపు, అక్షింతలు పడితేనే దానికి అందం.

పెళ్ళికూతురికి ఐదారు పట్టుచీరలు కొని అన్నీ మెరుపువే ఎంచడం నాకు నచ్చదు. రెండు మంచి పట్టుచీరలు చాలు. ఆ మిగిలిన డబ్బుతో నాలుగు ఊళ్ళ నేత చీరలు పెట్టండి, పెళ్ళయ్యాక పదేళ్ళు కట్టుకుంటుంది.

వేరే రాష్ట్రాల చీరల్లో ఏవి తెలుసుకోవాలి?

బనారస్ ఎటూ అందరికీ తెలుసు. అందులో కఢువా అంటే ప్రతి బుటా విడిగా నేసినది. కట్‌వర్క్‌లో దారాన్ని ఒక బుటా నుంచి ఇంకో బుటాకి లాగి వెనకాల కత్తిరిస్తారు. ధర తేడా చాలా ఉంటుంది కాబట్టి అడిగి తీరాలి. గుజరాత్‌లోని పాటన్ పటోలా డబుల్ ఇక్కత్, ఒక్క చీరకి నెలలు పడుతుంది. ఒడిశాలో సంబల్‌పురి ఇక్కత్ ఉంది. మన పోచంపల్లి పక్కన పెట్టి చూస్తే రెండిటి స్వభావం వేరని ఇట్టే తెలుస్తుంది. మహారాష్ట్ర పైఠానీ కొంగులో నెమళ్ళు, బెంగాల్ బాలూచరి కొంగులో కథల బొమ్మలు. కేరళ కసవు చీర ఓనమ్‌కి ఇక్కడి ఆఫీసుల్లో కూడా కనిపిస్తోంది. పక్క దేశం బంగ్లాదేశ్‌లోని ఢాకా జాందానీ నేతను 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

సిల్క్ మార్క్ ఉంటే చేనేత అనేనా?

కాదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. సిల్క్ మార్క్ చెప్పేది ఒక్కటే, పట్టు అసలుదని. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చింది. మరమగ్గం మీద నేసిన అసలు పట్టుకీ ఆ మార్కు ఉంటుంది. చేత్తో నేశారా అన్నదానికి 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చూడాలి. అది పట్టా నూలా అన్నది చెప్పదు. ఇక జీఐ ట్యాగ్ ప్రాంతానికి సంబంధించినది. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, గొల్లభామ, వెంకటగిరి, ఉప్పాడ, మంగళగిరి, ధర్మవరం అన్నిటికీ జీఐ ఉంది. అంటే ఆ పేరుతో వేరే చోట నేసి అమ్మకూడదు. ఈ మూడూ మూడు ప్రశ్నలకి జవాబులు. జరీ సంగతి వీటిలో ఏదీ చెప్పదు.

మార్కు లేకపోతే చీర అంచు నుంచి రెండు పోగులు తీసి కాల్చి చూడొచ్చు. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండలా అవుతుంది. పడుగు పోగూ పేక పోగూ రెండూ కాల్చండి. ఒక వైపు పట్టు, ఇంకో వైపు పాలిస్టర్ వేసినవి మార్కెట్లో చాలా ఉన్నాయి.

జరీ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత. రెండో రకంలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. మూడోది ప్లాస్టిక్ మెరుపు దారం. కొంగు చివర ఒక పోగు గోటితో గీస్తే లోపలి దారం బయటపడుతుంది. కంచి అసలు జరీలో లోపల ఎర్ర పట్టు దారం ఉంటుంది. మూడో రకంలో తెల్లటి దారం వస్తుంది. వెండి బంగారాల పాళ్ళు ఎంతో మెషీన్ మీద చూపించి రాసిచ్చే షాపులు ఉన్నాయి. పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు అడగండి, చూపించకపోతే లేచి వచ్చేయండి.

పవర్‌లూమ్ చీర కొనడం తప్పా?

తప్పు కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2017 నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం వాళ్ళు నేసినవే, ఆ ఆర్డర్లతో ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. రోజూ కట్టుకుని వాషింగ్ మెషీన్‌లో వేసుకోవడానికి ఆ చీరలే సుఖం.

తప్పల్లా మరమగ్గం చీరని చేనేత అని చెప్పి, చేనేత ధరకి అమ్మడం. 1985లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 11 రకాల వస్త్రాలు చేనేతకే కేటాయించారు. కొన్ని రకాల చీరలు అందులో ఉన్నాయి. నేత కుటుంబం రోజుల తరబడి చేసిన డిజైనుని మెషీన్ మీద కాపీ కొట్టి పావు ధరకి దింపేస్తే, ఆ కుటుంబంలో పిల్లలు మగ్గం ఎక్కరు. ఇప్పటికే చాలామంది సిటీకి వచ్చి సెక్యూరిటీ గార్డులుగా, డెలివరీ పనుల్లో చేరిపోయారు. అందుకే బిల్లు మీద "చేనేత" అని రాయమని అడగండి.

హైదరాబాద్‌లో ఎక్కడ కొనాలి?

నేత చీరలకి మొదట టీజీకో, ఆప్కో, కో-ఆప్టెక్స్, గోల్కొండ లాంటి ప్రభుత్వ, సహకార షోరూములు చూడండి. అలంకరణ తక్కువ, నమ్మకం ఎక్కువ. మాదాపూర్ శిల్పారామంలో నేతవాళ్ళే వచ్చి స్టాల్ పెడతారు, నేరుగా మాట్లాడొచ్చు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం చుట్టుపక్కల ఎగ్జిబిషన్లు పెడుతుంటారు. పెళ్ళి జవుళి మొత్తం ఒకేసారి కొనాలంటే సికింద్రాబాద్ జనరల్ బజార్, సుల్తాన్ బజార్, పత్తర్‌గట్టి వైపు వెళ్ళండి. పగటిపూట వెళ్ళి, చీరని షాపు బయట వెలుతురులో చూడండి. లోపలి లైట్ల కింద మెరూన్ ఎరుపులా, నీలం నలుపులా కనిపిస్తాయి.

బేరం ఆడొచ్చా?

షాపులో ఆడండి. నేసినవాళ్ళ దగ్గర మాత్రం ఆడకండి.

నూలు చీర ఉతకడం ఎలా?

మొదటి రెండు మూడు సార్లు విడిగా, చల్లటి నీళ్ళలో. కుంకుడుకాయ రసం ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఎక్కువసేపు నానబెట్టొద్దు, పిండేటప్పుడు మెలితిప్పొద్దు, నీడన ఆరేయండి. పలచటి గంజి పెడితే చాలు.

పట్టుచీరలు ఎలా దాచాలి?

ప్లాస్టిక్ కవర్లోంచి ముందు బయటికి తీయండి. మెత్తటి తెల్ల నూలు గుడ్డలో చుట్టండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. ఎండిన వేపాకు చిన్న మూట కట్టి బీరువా మూలన పెట్టడం మేలు. మూడు నెలలకోసారి మడత మార్చండి. మడత మారకపోతే ఆ గీత దగ్గరే పట్టు చిరుగుతుంది. బరువైన జరీ చీరల్ని హ్యాంగర్‌కి వేలాడదీయొద్దు. వానాకాలం పోయాక ఒకపూట నీడలో గాలికి ఆరేసి పెట్టండి. సెంటు చీర కట్టుకోకముందే కొట్టుకోవాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది. ఫంక్షన్‌లో నూనె మరక పడితే నీళ్ళతో రుద్దకుండా వెంటనే పౌడర్ చల్లి వదిలేయండి, తర్వాత డ్రై క్లీనింగ్.

అన్నిటికన్నా ముఖ్యం, కట్టుకోండి. కట్టని చీర కూడా పాడవుతుంది.

అమ్మమ్మ పాత పట్టుచీరలు చిరిగిపోతున్నాయి. అమ్మేయాలా?

అమ్మేముందు చూడాల్సినవి ఉన్నాయి. చిన్న చిరుగైతే రఫ్ఫు చేసేవాళ్ళు పాతబస్తీలో ఇంకా ఉన్నారు, మంచి పనివాడు చేస్తే వెతికినా కనపడదు. ఒళ్ళు చివికిపోయి అంచు గట్టిగా ఉంటే, ఆ అంచు విప్పి కొత్త బట్టకి వేయించొచ్చు. పిల్లలకి లంగా కుట్టించొచ్చు. నేత మీద ఆసక్తి ఉంటే ఒక చీరనైనా అలాగే ఉంచండి, ఇప్పుడు ఆ డిజైన్లు నేసేవాళ్ళు దొరకరు. పోచంపల్లిలోనో గద్వాలలోనో చూపిస్తే, అలాంటిదే మళ్ళీ నేసిస్తామనేవాళ్ళు ఉంటారు.

అమ్మక తప్పదంటే, పాత పట్టుచీరలు కొంటాం అని బోర్డు పెట్టినవాళ్ళు కొనేది జరీలోని వెండి కోసమని గుర్తుంచుకోండి. చీర మొత్తానికి ఇంత అని చెప్తే ఒప్పుకోవద్దు. మీ ముందే జరీ గీసి చూపించమనండి, తూకం అడగండి, ఆ రోజు వెండి ధర తెలుసుకుని వెళ్ళండి. కనీసం రెండు మూడు చోట్ల చూపించాకే చీర చేతికివ్వండి.